ఆంధ్రోద్యమమున భావజాలము : దాని బలము, దాని హద్దు

జాతినిర్మాణమునందు భావజాలమునకు గల స్థానమును విచారించువారు తఱచుగా పాశ్చాత్య దేశముల ఉదాహరణములనే గ్రహింతురు. మన యింటి చరిత్రయైన ఆంధ్రోద్యమము ఇందుకు అంతకంటె మంచి సామగ్రిని ఒసగుచున్నదని మా అభిప్రాయము. 'భావజాల' మను మాటలోని జాలమునకు సమూహమనియు, వల యనియు రెండర్థములు కలవు. ఇచట రెండును పొసగును. ఒకరినొకరెఱుగని జనులను 'మన' మను ఒక్క మాటలో పట్టి యుంచు భావముల సమూహమే భావజాలము. ఆ మాటలో ఎవరెవరు చేరుదురు, చేరినవారికి ఏమేమి లభించును అనునవి వేర్వేఱు ప్రశ్నలు. మొదటిదానికి ఆంధ్రోద్యమము గట్టి సమాధానమే చెప్పినది. రెండవదానిని చాలకాలము ముట్టలేదు.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున తెలుగువారందఱు ఒక పాలనలో లేరు. కోస్తా జిల్లాలును, 1800లో నిజాము ఆంగ్లేయుల కొసగిన దత్తమండలములును మదరాసు రాజధానిలో నుండెను. తెలంగాణము నిజాము రాజ్యమున నుండెను. వీరిని చేర్చు పనికి తొలుత పూనుకొన్నవి రాజకీయసభలు కావు, గ్రంథాలయములును గ్రంథమాలలును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును, వారి మిత్రులును అచటనే విజ్ఞానచంద్రికా గ్రంథమాలను నెలకొల్పిరి. 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి 'ఆంధ్రుల చరిత్రము' ప్రథమభాగము వెలువడినది. ఈ గ్రంథనామము గమనింపదగినది. రాజవంశావళులు పూర్వమును కలవు. ఒక ప్రజ పేర చరిత్ర వ్రాయుట క్రొత్త. శాతవాహనులు, కాకతీయులు 'ఆంధ్రుల' కథలోని ఘట్టములైరి. మూడేండ్లకు, 1913 మే నెలలో, బయ్యా నరసింహేశ్వరశర్మగారి అధ్యక్షతన బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. గ్రంథమే సభను పుట్టించినదని మేమనము. ఉద్యోగములలో తమిళుల ఆధిక్యమును గూర్చిన అసంతృప్తి వంటి లౌకిక కారణములు కలవు. ఆ అసంతృప్తికి గౌరవనీయమైన భాష నిచ్చినది మాత్రము గ్రంథములే.

చరిత్ర వాదమునకు సాధనమైనపుడు కొంత విడిచిపెట్టక తప్పదు. ఆముక్తమాల్యదలో ఆంధ్రవిష్ణువు రాయలను కన్నడరాయనిగా సంబోధించెను. ఉద్యమమునకు కావలసినది ఆంధ్రభోజుడు, కన్నడరాయడు అప్రస్తుతుడయ్యెను. అయినను రాయల పేరు అచట ఆగలేదు. 'దత్తమండలములు' అన్నచో ఒకరు మఱియొకరికి ఇచ్చివేసిన నేల యని అర్థము. ఆ నేలపై బ్రదుకువారికి అది అవమానముగా తోచుట సహజము. 1928 నవంబరులో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు దానికి మాఱుగా 'రాయలసీమ' అను పేరును సూచించిరి. (ఈ నామకరణము బహుకాలము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిదిగా చెప్పబడుచు వచ్చినది. తొలి ఆకరమును చూడక వ్రాసినచో ఇట్టి పొరపాట్లు తరములు నడచును.) తెలుగువారి నందఱిని ఒకటి చేయుటకు వినియోగపడిన స్మృతియే ఒక సీమకు ప్రత్యేక వ్యక్తిత్వము నిచ్చినది. ఆంధ్రోద్యమ చరిత్రలో మాకు మిక్కిలి ఆసక్తి కలిగించు ఘట్టమిది.

ఆ సీమవారి శంకకు ఆధారము కలదు. గోదావరీ కృష్ణల ఆనకట్టలు పందొమ్మిదవ శతాబ్దిలోనే కోస్తాకు సంపదను తెచ్చినవి. సీమ కరవునేలగనే మిగిలినది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తుదకు వాల్తేరున నిలిచినది, అనంతపురమునకు రాలేదు. కావున 1937 నవంబరు 16న మదరాసులో, కాశీనాథుని నాగేశ్వరరావుగారి భవనమైన శ్రీబాగులో కుదిరిన ఒడంబడికను మేము ఉద్యమపత్రము లన్నిటిలో ముఖ్యమైనదిగా నెంచుచున్నాము. అందు ప్రాచీన వైభవవర్ణనము లేదు. అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము, తుంగభద్రా కృష్ణా పెన్నల నీటి వినియోగమున కొంతకాలము సీమకు ప్రాధాన్యము, రాజధాని, ఉన్నత న్యాయస్థానములలో ఒకదానిని కోరుకొను హక్కు: ఇట్టి మాటలే కలవు. రెండవ ప్రశ్నకు లిఖితమైన తొలి సమాధానమిది.

తెలంగాణమున భాషాభిమానము వేఱొక త్రోవను వచ్చినది. 1921 నవంబరులో హైదరాబాదునందలి సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభికులు గేలి చేసిరి. వెంటనే ఆంధ్రజనసంఘము పుట్టినది. 1934లో సురవరము ప్రతాపరెడ్డిగారు 'గోలకొండ కవుల సంచిక'లో 354 మంది కవులను చూపిరి. తెలంగాణమున కవులు లేరన్న మాటకు అది ప్రత్యుత్తరము. మొదటి అవమానము అన్యభాషల నాదరించినవారివలన కలిగినది. రెండవది సాటి తెలుగువారివలననే కలిగినది. ఈ భేదమును విస్మరించి తెలంగాణపు ఉద్యమమును కోస్తా ఉద్యమమునకు శాఖగా వర్ణించు అలవాటు మన వ్యాసములలో ఇంకను పోలేదు.

తరువాతి కథ సుపరిచితము. పొట్టి శ్రీరాములుగారి ప్రాణత్యాగమునకు పిమ్మట 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. 1955లో రాష్ట్ర పునర్విభజన సంఘము, తెలంగాణము ప్రస్తుతమునకు వేఱుగా నుండవలెననియు, 1961 ప్రాంతపు ఎన్నికల పిమ్మట అచటి శాసనసభలో మూడింట రెండువంతులు కోరినచో విలీనము జరుగవచ్చుననియు సూచించినది. అంతవరకు వేచియుండుటకు మాఱుగా 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందము కుదిరినది. పాత్రలు మాఱినవి, వస్తువు శ్రీబాగునాటిదే: ఉద్యోగములు, ఆదాయము, పదవులు. 1969లో తెలంగాణమును, 1972లో కోస్తా, సీమలును ఉద్యమించినవి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మేర్పడినది.

దీనినిబట్టి భాషాభావమే బూటకమని కొందఱు వాదింతురు. మేము అంగీకరింపము. ఒడంబడిక చేసికొనుటకైనను ఇరుపక్షములు ఒకరినొకరు 'మనవారు' అని గుర్తింపవలెను. ఆ గుర్తింపును కలిగించినది భాషయే. కాని నీటికిని, కొలువులకును లెక్క చెప్పుట దాని పని కాదు. ఆ లెక్కలున్న పత్రములను మన శాఖలు సేకరింపలేదు. సభాధ్యక్షోపన్యాసములను, ప్రబోధగీతములను మాత్రము భద్రపఱచినవి. శ్రీబాగు మాట ననుసరించి 1953లో కర్నూలు రాజధానియైనది; ఉన్నత న్యాయస్థానము గుంటూరున వెలసినది. చాలినన్ని భవనములు లేక కార్యాలయములు గుడారములలో నడచెను. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదునకు తరలిపోయినది. ఆనాడు శ్రీబాగు షరతును గూర్చి సీమలో ఎవరేమనుకొనిరో పరిశోధక విద్యార్థులు వెదకవలసియున్నది.