మొగకు అవతలి నేల: కృష్ణా-గోదావరి సముద్ర గ్యాస్ క్షేత్రాల పర్యావరణ లెక్క

గాడిమొగ పేరులోనే మొగ ఉంది. నదీపాయ సముద్రంలో కలిసే చోటును గోదావరి డెల్టా జనం మొగ అంటారు. తాళ్లరేవు మండలంలోని ఈ ఊరి దగ్గరే కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ-డీ6 క్షేత్రపు గ్యాసు గట్టెక్కుతుంది. 2002లో బయటపడిన ఈ క్షేత్రంలో 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. 2020 డిసెంబరులో ఉత్పత్తిలోకి వచ్చిన ఆర్-క్లస్టర్ బావులు కాకినాడ తీరానికి ఆవల ఉన్న ఈ క్షేత్రపు కంట్రోల్ ప్లాట్‌ఫాంకు దాదాపు 60 కిలోమీటర్ల దూరాన, 2,000 మీటర్లకు మించిన లోతున ఉన్నాయి. గాడిమొగలోని గ్యాసు టెర్మినల్‌కు పొరుగునే కోరింగ మడ అడవి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ 235 చదరపు కిలోమీటర్ల అడవి బావురుపిల్లికి నెలవు. ఎదురుగా హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి.

నష్టాన్ని మనం ఒక్కో ప్రాజెక్టుకు విడివిడిగా, పోయిన వేట రోజుల్లో లెక్కిస్తున్నాం. ఈ కొలత డెల్టాకు సరిపోదన్నదే ఈ వ్యాసం వాదన.

2022 మేలో, ఓఎన్‌జీసీ పైపులైను పనులతో వేట కోల్పోయిన 23,458 మత్స్యకార కుటుంబాలకు నెలకు రూ.11,500 చొప్పున నాలుగు నెలల పరిహారం, సుమారు రూ.108 కోట్లు అందింది. అది వారికి న్యాయంగా రావలసిన సొమ్మే. అయితే ఈ లెక్క పడవ ఎన్నాళ్లు ఒడ్డున ఉందో చెబుతుంది, చేప ఏమైందో చెప్పదు. సముద్రంలో విలసగా తిరిగే చేప వరద రోజుల్లో మొగ దాటి, ఎర్రనీటికి ఎదురీది పులస అవుతుంది. రొయ్య సముద్రంలో గుడ్లు పెడితే, దాని పిల్ల మడ అడవి కాల్వల్లో పెరుగుతుంది. ఈ రాకపోకలకు ఎక్కడ దెబ్బ తగిలినా నష్టం మరో కార్తెలో, మరో ఊరి వలలో బయటపడుతుంది. అప్పటికి పరిహారం ఫైలు మూసేసి ఉంటుంది.

సముద్రం అడుగున జరిగేది ఇంకా కంటికి ఆనదు. బావి తవ్వేటప్పుడు మొనను చల్లబరచడానికి, రాతి తునకలను పైకి తేవడానికి, లోపలి పీడనాన్ని అదిమి ఉంచడానికి చిక్కటి ద్రవాన్ని దింపుతారు. పనివాళ్ల మాటలో అది మడ్. దానికి బరువునిచ్చేది ముగ్గురాయి పొడి. మన మంగంపేట గనుల్లో దొరికే రాయే ఇది. మడ్ అంటిన తునకలు బావి చుట్టూ పేరుకుంటే కింద పురుగులకు, గుల్లలకు ఊపిరాడదు. చలి, చీకటి నిండిన లోతుల్లో ప్రాణులు నెమ్మదిగా పెరుగుతాయి, చెదిరితే నెమ్మదిగానే కోలుకుంటాయి. ఇక్కడి అడుగు ఉత్త బురద కాదని 2018లో రుజువైంది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు ‘సింధు సాధన’ నౌకపై వెళ్లి, ఈ బేసిన్‌లో మీథేన్ ఊటలను, వాటిని ఆశ్రయించి బతికే జీవసమూహాలను కనుగొన్నారు. ఎండ పొడ సోకని చోట, సూక్ష్మజీవులు రసాయనాల నుంచి తీసే శక్తితో నడిచే లోకమది. బావి ఎక్కడ దింపాలో తేల్చే ముందు ఇలాంటి ఊటలన్నిటినీ పటంలో గుర్తించి తీరాలి.

గ్యాసుతో పాటు నీరూ పైకి వస్తుంది. కేజీ-డీ6లోని డీ1, డీ3 క్షేత్రాల దిగుబడి పడిపోవడానికి బావుల్లోకి చొరబడిన నీరు, ఇసుక ముఖ్య కారణాలు. ఆ నీటిలో లవణాలు, కరిగిన హైడ్రోకార్బన్లు ఉంటాయి. శుద్ధి చేసి వదిలినా, ఏళ్ల తరబడి ఒకే చోట వదిలితే ఏమవుతుందన్నది ఒక్క నమూనాతో తేలేది కాదు.

చట్టం మాత్రం ఎదురు దిశలో నడిచింది. పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌కు 2020 జనవరిలో చేసిన సవరణతో చమురు, గ్యాసు అన్వేషణ ప్రాజెక్టులు బీ2 వర్గంలోకి మారాయి. ఆ వర్గానికి పూర్తి ప్రభావ నివేదిక గానీ ప్రజాభిప్రాయ సేకరణ గానీ అక్కర్లేదు. ఉత్పత్తి దశకు పాత కట్టుబాట్లే మిగిలాయి. కానీ మొదటి మడ్ దిగేది అన్వేషణలోనే కదా! ఊరివాళ్ల మాట వినాల్సిన వేళకు బావి స్థలం ఖాయమైపోతోంది.

డెల్టా ఇప్పటికే నీరసించి ఉందన్నది మరువరాదు. 1970ల్లో ఏటా 15 కోట్ల టన్నులున్న గోదావరి ఒండ్రు 2000-06 నాటికి 5.7 కోట్లకు తగ్గింది. 1965-2008 మధ్య కృష్ణా, గోదావరి డెల్టాల తీరం 76 చదరపు కిలోమీటర్ల మేర కోసుకుపోయింది. ఇందులో ప్రధాన దోషం ఆనకట్టలది. దాన్ని గ్యాసు మీదికి నెట్టడం తప్పు. అయితే ఇంత బక్కచిక్కిన తీరంపై ఒక్కో పైపులైను వేసే భారాన్ని విడిగా తూచడం కూడా తప్పే.

బొగ్గు కంటే గ్యాసు మేలన్న వాదనకు బలముంది, మండించే చోట. మండకుండా లీకైన మీథేన్ 20 ఏళ్ల వ్యవధిలో బొగ్గుపులుసు వాయువు కన్నా 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. కాబట్టి బావి నుంచి టెర్మినల్ దాకా లీకులను కొలవకుండా ఆ మేలును లెక్కలో వేసుకోలేం.

డీ1, డీ3ల ఉత్పత్తి 2020 ఫిబ్రవరిలో ఆగింది, పదకొండేళ్లు నిండకుండానే. మూతబడిన బావుల దగ్గరి నేలనూ, పనిచేస్తున్న బావుల నేలనూ, కోరింగ కాల్వలనూ ఒకే పట్టికలోకి తేవాలి. కంపెనీ ఏదైనా కొలత ఒక్కటే కావాలి. ఏ పాయలో ఏ పిల్ల ఎప్పుడు కనిపిస్తుందో తెలిసిన వేటగాళ్లు ఆ కొలతలో భాగస్వాములు కావాలి. ఏటా వరదకు ముందొకసారి, విలస మొగ దాటాక మరోసారి ఈ చోట్లన్నిటి నీళ్లు తోడి చూడాలి.