ప్రత్యేక అవసరాలు గల బాలలను ఆశ్రయ గృహాలలో చేర్చుటకు చట్ట నిబంధనలు

వైకల్యం ఉన్నదన్న కారణంతో ఏ బిడ్డనూ తల్లిదండ్రుల నుండి వేరు చేయరాదని దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 లోని 9వ సెక్షన్ స్పష్టం చేస్తున్నది. 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన ఈ చట్టం ప్రకారం, బిడ్డ శ్రేయస్సు దృష్ట్యా అవసరమై, తగిన అధికారం గల న్యాయస్థానం ఉత్తర్వు ఇస్తే తప్ప అట్టి ఎడబాటు చెల్లదు. తల్లిదండ్రులు సాకలేని స్థితిలో ఉన్నప్పుడు సైతం న్యాయస్థానం ముందుగా దగ్గరి బంధువుల వద్ద, అది కుదరనిచో సమాజంలోనే కుటుంబ వాతావరణంలో బిడ్డను ఉంచవలసి ఉంటుంది. ప్రభుత్వం గాని స్వచ్ఛంద సంస్థ గాని నడిపే ఆశ్రయ గృహం అసాధారణ సందర్భాలకే పరిమితం. తెల్ల కాగితంపై సంతకం చేసి బిడ్డను ఏదో ఒక సంస్థలో వదిలి రావడం చట్టం అంగీకరించే మార్గం కాదు. చదువు నిమిత్తం వసతితో కూడిన ప్రత్యేక పాఠశాలలో చేర్పించడం ఇందుకు భిన్నమైనది. అక్కడ సంరక్షకులుగా తల్లిదండ్రులే కొనసాగుతారు.

చూసుకునే దిక్కు లేని, లేదా తల్లిదండ్రులు సంరక్షణకు అనర్హులని తేలిన దివ్యాంగ బాలలు జువెనైల్ జస్టిస్ (బాలల సంరక్షణ, రక్షణ) చట్టం, 2015 పరిధిలోకి వస్తారు. అట్టివారిని ప్రయాణ సమయం మినహా 24 గంటలలోగా బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరచాలి. సామాజిక విచారణ 15 రోజులలో పూర్తి కావాలి. మొదటిసారి హాజరుపరచిన నాటి నుండి 4 నెలలలోగా సమితి తుది ఉత్తర్వు వెలువరించాలి.

తమ చేతిలో లేని శారీరక, మానసిక, సామాజిక కారణాల వల్ల బిడ్డను వదులుకోదలచిన తల్లిదండ్రులు సైతం సమితినే ఆశ్రయించాలి. విచారణ, కౌన్సెలింగ్ ముగిసిన పిదప సమితి సమక్షంలోనే అప్పగింత పత్రం రాయవలసి ఉంటుంది. ఆపైన పునరాలోచనకు 2 నెలల గడువు లభిస్తుంది. కడుపున పుట్టిన బిడ్డ విషయంలో ఈ గడువు ఎంతో విలువైనది.

బుద్ధి మాంద్యాన్ని మానసిక వ్యాధిగా పొరబడడం నేటికీ కానవస్తున్నది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఈ రెండింటినీ వేరు చేసింది. మానసిక వ్యాధి నిర్వచనంలో బుద్ధి మాంద్యానికి చోటు లేదు. కనుక కేవలం బుద్ధి మాంద్యం గల బాలలకు మానసిక చికిత్సాలయం తగిన చోటు కాదు. మానసిక వ్యాధి గల మైనర్లనైనా 87వ సెక్షన్ ప్రకారం ఇద్దరు నిపుణులు, వారిలో ఒకరు తప్పనిసరిగా మానసిక వైద్యులు, విడివిడిగా పరీక్షించిన మీదటనే చేర్చుకోవాలి. వారికి పెద్దల నుండి వేరుగా వసతి కల్పించాలి. బాలిక అయినచో తోడుగా స్త్రీయే ఉండాలి. చేర్చుకున్న 72 గంటలలోగా మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి తెలియజేయాలి.

సంరక్షణ అవసరమైన బాలలకు ఆశ్రయమిచ్చే ప్రతి సంస్థ, ప్రభుత్వ సహాయం ఉన్నా లేకున్నా, 2015 నాటి చట్టం క్రింద నమోదు కావాలి. నమోదు 5 సంవత్సరాలు చెల్లుతుంది. నమోదు లేకుండా నడిపేవారికి ఏడాది వరకు జైలు శిక్ష గాని, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. దివ్యాంగుల సంస్థలకు 2016 నాటి చట్టం క్రింద మరొక నమోదు పత్రం అవసరం. సమితి సభ్యులు ఈ గృహాలను నెలకు కనీసం రెండుసార్లు తనిఖీ చేయాలి.

ఆపదలో ఉన్న బాలల గురించి 1098 సహాయవాణికి గాని, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి గాని తెలియజేయవచ్చు.