కలప చట్రపు ఇళ్ళ బయటి గిలాబా

కలప చట్రపు ఇళ్ళ బయటి గిలాబా అనగా నిలువు, అడ్డ కర్రలతో కట్టిన ఇంటి చట్రానికి వెలుపలి వైపున సున్నం, సిమెంటు లేదా పాలిమర్లు కలిపిన మిశ్రమాలతో వేసే పూత. దీనిని బ్రిటన్, ఐర్లండులలో రెండర్ అనీ, ఉత్తర అమెరికాలో స్టక్కో అనీ అంటారు. చూపులకు ఇటుక గోడ మీది గిలాబాకూ దీనికీ తేడా కనిపించదు. కానీ దీని వెనుక ఉన్నది కదిలే గోడ. కలప తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. గట్టిపడిన సిమెంటు పూతకు అంతగా సాగే గుణం లేదు. ఈ రెండింటినీ విడదీయకుండా బిగించిన చోట పూత పగులుతుంది. పగులు వలన గోడ అందం చెడటం చిన్న నష్టమే. పగులు గుండా లోపలికి చేరిన నీరు తిరిగి బయటకు పోలేక చట్రాన్ని కుళ్ళబెట్టడం అసలు నష్టం.

చరిత్ర

ఇంగ్లండులోని ఎసెక్స్, సఫోక్ ప్రాంతాలలో ఓక్ కర్రల చట్రానికి సన్నని చెక్క బద్దలు కొట్టి, వాటిపై సున్నపు గార మెత్తడం పాత పద్ధతి. తడికపై మట్టి మెత్తి సున్నం కొట్టిన గోడను చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. గారలో పశువుల వెంట్రుకలు కలిపేవారు. అవి పూతను పట్టి ఉంచేవి. ఈ పూతపై లతలు, బొమ్మలు తీర్చే కళను పార్జెటింగ్ అంటారు. ఇప్స్‌విచ్ పట్టణంలో ఏన్షియంట్ హౌస్ అనే భవనంపై ఉన్న 17వ శతాబ్దపు పని ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ.

సున్నపు గార నెమ్మదిగా గట్టిపడుతుంది, చిన్న కదలికలను ఓర్చుకుంటుంది, తేమను ఆవిరిగా బయటకు పోనిస్తుంది. 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండు సిమెంటుకు పేటెంటు పొందిన తరువాతి కాలంలో సిమెంటు పూతలు క్రమంగా వ్యాపించాయి. 20వ శతాబ్దంలో అనేక పాత ఇళ్ళకు సున్నం గీకివేసి సిమెంటు పూశారు. బలమైన పూత మేలనుకొని చేసిన ఈ పని చాలా చోట్ల బెడిసికొట్టింది. శతాబ్దాల పాటు నిలిచిన ఓక్ కర్రలు సిమెంటు వెనుక చిక్కిన తేమకు కుళ్ళిపోయాయి.

కదలికకు కారణాలు

కలప అన్ని దిశలలో ఒకే విధంగా కుంచించుకుపోదు. నార వెంబడి మార్పు అతి స్వల్పం, నారకు అడ్డంగా మార్పు చాలా ఎక్కువ. కట్టడపు మెత్తని కలపలో తేమ 4 శాతం తగ్గితే అడ్డు కొలత సుమారు 1 శాతం తగ్గుతుందని నిర్మాణ రంగంలో స్థూలంగా లెక్కిస్తారు.

రెండంతస్తుల ఇంటిలో గోడ పొడవునా నిలబడే కర్రల ఎత్తు దాదాపు మారదు. అవి 2,400 మి.మీ. పొడవున్నా తగ్గుదల ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. రెండు అంతస్తులు కలిసే చోట మాత్రం కర్రలన్నీ అడ్డంగా పడుకొని ఉంటాయి. అక్కడ 220 మి.మీ. లోతు దూలం, దాని పైనా కిందా రెండేసి చొప్పున 38 మి.మీ. మందం గల నాలుగు అడ్డ కర్రలు ఉన్నాయనుకుంటే మొత్తం 372 మి.మీ. అవుతుంది. కట్టేనాటికి 20 శాతం ఉన్న తేమ, ఇల్లు వేడెక్కి ఆరిన తరువాత 12 శాతానికి దిగితే ఆ పట్టీ 2 శాతం, అనగా 7 మి.మీ.కు పైగా దిగుతుంది. ఆ గీతను దాటుతూ ఏకధాటిగా వేసిన పూత నలిగి ఉబ్బుతుంది లేదా అడ్డంగా చీలుతుంది. ఇళ్ళలో అంతస్తు మట్టానికి సరిగ్గా అడ్డ పగులు కనిపించడానికి కారణం చాలాసార్లు ఇదే. దానికి మేస్త్రీ కలిపిన పాళ్ళను తప్పుపట్టి ప్రయోజనం లేదు.

ఇది గాక సిమెంటు పూత ఆరేటపుడు తానుగా కుంచించుకుపోతుంది. సిమెంటు పాలు ఎక్కువైన కొద్దీ ఈ గుణం పెరుగుతుంది. కిటికీ, తలుపుల మూలల వద్ద ఒత్తిడి పోగుపడి ఏటవాలు పగుళ్ళు వస్తాయి. చట్రానికి కొట్టిన ప్లైవుడ్ వంటి పలకల అంచులు తడికి ఉబ్బితే అతుకుల మీద నిలువు గీతలు తేలుతాయి.

నివారణ పద్ధతులు

పగుళ్ళను పూర్తిగా లేకుండా చేయడం కష్టం. కదలిక ఎక్కడ జరగాలో ముందే నిర్ణయించి, అక్కడ పూతను తెంచి సందు వదలడం ఆచరణలో ఉన్న మార్గం. కర్ర దూలాలున్న ప్రతి అంతస్తు మట్టంలో అడ్డ సందు తప్పనిసరి. ఆ సందు దగ్గర పూతతో పాటు వెనుకనున్న బద్దలు, పలకలు, వల కూడా తెగి ఉండాలి. వల తెగకుండా పైన మాత్రమే గీత గీసిన సందు సరిగా పనిచేయదు, పగులు దాని పక్కనే మరో చోట వస్తుంది. ఆరబెట్టిన కలపను, అంతగా కుంచించుకుపోని ఇంజనీర్డ్ దూలాలను వాడితే కదలికే తగ్గుతుంది.

ఉత్తర అమెరికాలో అనుసరించే ఏఎస్‌టీఎమ్ సీ 1063 ప్రమాణం ప్రకారం గోడపై సందుల మధ్య వైశాల్యం 144 చదరపు అడుగులకు, ఏ ఒక్క వైపైనా పొడవు 18 అడుగులకు మించరాదు. పొడవు వెడల్పుల నిష్పత్తి కూడా రెండున్నర రెట్లకు లోబడి ఉండాలి. అక్కడి సాంప్రదాయిక మూడు పూతల స్టక్కో మొత్తం మందం సుమారు 22 మి.మీ. ఉంటుంది. పలకల మధ్య 3 మి.మీ. ఎడం వదులుతారు. తడిపి ఉంచే పని ఎండలోనూ గాలిలోనూ మానరాదు.

పలుచని పాలిమర్ పూతలలో క్షారాన్ని తట్టుకునే గాజునార వలను పూత లోపల పొదుగుతారు. వల పట్టీలు ఒకదానిపై ఒకటి 100 మి.మీ. మేర కలవాలి. కిటికీ మూలల్లో ఏటవాలుగా అదనపు ముక్కలు వేస్తారు. తెలుగు నాట కాంక్రీటు స్తంభం, ఇటుక గోడ కలిసేచోట ప్లాస్టరింగుకు ముందు కోడి వల కొట్టడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇటువంటిదే.

స్కాట్లండులో చట్రానికి బయట 50 మి.మీ. ఖాళీ వదిలి, కాంక్రీటు దిమ్మెల గోడ కట్టి దానిపై పూత వేయడం వాడుకలో ఉంది. పూత రాతి గోడపైనే ఉన్నందున పగుళ్ళ బెడద తగ్గుతుంది, కానీ సమస్య కిటికీల వద్దకు మారుతుంది. చట్రానికి బిగించిన కిటికీ చట్రంతో పాటు దిగుతుంది, దిమ్మెల గోడ దిగదు. కనుక కిటికీ గడప కింద, చూరు కింద ఖాళీ వదలాలి. పై అంతస్తుకు పోయేకొద్దీ ఆ ఖాళీ పెరగాలి.

నీటికి దారి: న్యూజీలాండు అనుభవం

ఎంత జాగ్రత్తగా వేసినా సన్నని పగులు రాకపోదన్న ఎరుక లేకపోతే ఏమవుతుందో న్యూజీలాండులో తెలిసింది. 1990ల నుండి 2000ల తొలి ఏళ్ళ వరకు అక్కడ చూరు లేని, ఖాళీ లేకుండా నేరుగా చట్రానికి పూత పలకలు బిగించిన ఇళ్ళు విరివిగా కట్టారు. చట్రానికి రసాయనాలతో శుద్ధి చేయని రేడియాటా పైన్ కలప వాడకానికి కూడా అదే కాలంలో అనుమతి లభించింది. పగుళ్ళ నుండి, కిటికీ అంచుల నుండి దిగిన నీరు లోపలే నిలిచింది. 2002లో హన్ నివేదిక ఈ వైఫల్యాన్ని వెల్లడించింది. 2004లో కొత్త భవన నిర్మాణ చట్టం వచ్చింది. 2009లో ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్ వేసిన అంచనాలో దెబ్బతిన్న ఇళ్ళు సుమారు 42,000, నష్టం 1,130 కోట్ల న్యూజీలాండు డాలర్లు. పలువురు గృహస్థులు జీవితకాలపు పొదుపును మరమ్మతులకు ధారపోశారు. కెనడాలోని వాంకూవర్ పరిసరాలలో అపార్టుమెంట్లకు ఇదే గతి పట్టగా 1998లో డేవ్ బారెట్ అధ్యక్షతన విచారణ జరిగింది.

తరువాతి నిబంధనలలో పూతకూ చట్రానికీ మధ్య నిలువు బద్దలతో ఖాళీ ఏర్పరచడం ప్రధానమైంది. న్యూజీలాండులో ఇది సాధారణంగా 20 మి.మీ. ఉంటుంది. లోపలికి వచ్చిన నీరు ఆ ఖాళీలో కిందికి జారి అడుగున బయటపడుతుంది, గాలి ఆడి కర్ర ఆరుతుంది. బద్దలు పూతను చట్రం నుండి కొంత విడదీస్తాయి కూడా.

మరమ్మతు

వెంట్రుక వాసి పగుళ్ళకు సాగే గుణం గల రంగు సరిపోవచ్చు. అంతస్తు గీత వెంబడి వచ్చిన పగులును సిమెంటుతో పూడిస్తే మళ్ళీ విచ్చుకుంటుంది, అక్కడ కొత్తగా సందు కోయవలసి ఉంటుంది. కలప కుంచించుకుపోవడంలో ఎక్కువ భాగం తొలి ఒకటి రెండేళ్ళలో ముగుస్తుంది కనుక, నీరు దిగే ప్రమాదం లేని చోట అంతవరకు ఆగడం మంచిది. పూడ్చే ముందు తేమ కొలిచే పరికరంతో చట్రాన్ని పరీక్షించాలి. తేమ 20 శాతానికి మించి నిలిచి ఉంటే కుళ్ళు పట్టే అవకాశం ఉన్నందున, ఆ మేర పూతను విప్పి లోపలి కర్రను చూడవలసి ఉంటుంది.