కూలియు కృపయు: 1878 నాటి వెల్లంపల్లి బాప్తిస్మములపై ఒక పరిశీలన

చెన్నపట్టణమున క్రైస్తవ కృపాసిద్ధాంతమును గూర్చి వ్రాయబూనినవారు తిరువల్లిక్కేణి పార్థసారథిస్వామి కోవెల త్రోవ పట్టుట యొక ఆచారమైపోయినది. తల్లిని తానే పట్టుకొను కోతిపిల్ల, తల్లియే పట్టుకొను పిల్లిపిల్ల అను మర్కటకిశోర మార్జాలకిశోర న్యాయముల నుదాహరించి, జీవుని యత్నము నపేక్షింపని భగవదనుగ్రహము తెంగలై శ్రీవైష్ణవ సంప్రదాయమున కలదని చూపి, దాని సరసను పౌలును లూథరును నిలిపి వ్యాసము ముగింతురు. రుడోల్ఫ్ ఒట్టో 1930లో తన గ్రంథమున ఈ పోలికను విస్తరించి చర్చించిన పిమ్మట ఆ త్రోవ మరింత నలిగినది. ఆ కోవెలకు కొలదిదూరమున, పేటకును సముద్రమునకును నడుమ, మీద ఎత్తు కంబములపై రైలు నడచుచుండగా క్రింద నల్లబడి పారుచున్న బకింగ్‌హామ్ కాలువవైపు మాత్ర మెవ్వరును చూపు త్రిప్పలేదు. కూవము, అడయారు నదులను కలుపు ఆ భాగము 1877–78లో కరవు కూలీలు త్రవ్వినది. ఆ కాలువయే ఉత్తరముగా నెల్లూరు, ఒంగోలు సీమల తీరము వెంబడి పెద్దగంజాము దాక పోవును. తెలుగు క్రైస్తవజనసామాన్యమునకు కృపయన నెట్టిదో అనుభవమునకు వచ్చిన చోటు ఆ కాలువగట్టేయని నా వాదము.

ఈ యూహ పుస్తకములవలన కలిగినది కాదు. పెరంబూరు, వేపేరి ప్రాంతముల తెలుగు సంఘములలో వృద్ధులు సాక్ష్యము చెప్పగా వినినపుడెల్ల, రక్షణ మాట వెంబడినే కూలి మాట వచ్చుచుండెను. "రెక్కాడితేగాని డొక్కాడని బతుకులయ్యా మావి. ఆ ఒక్కటే ఉచితంగా దొరికింది" అని నెల్లూరు సీమనుండి తరలివచ్చిన యింటి పెద్ద యొకరు పలికిన మాట వేదాంత కళాశాలలో నేర్చినది కాదు, దానివెనుక తరతరముల జ్ఞాపకము కలదు. సిద్ధాంతము తెలుగున అంతకుముందు లేదని కాదు. బెంజమిన్ షుల్జ్ మదరాసున నివసించి, తెలుగు నేర్చి, స్వదేశమునకు మరలిన పిమ్మట 1746లో హాలే నగరమున లూథరు మతానుసారమైన తెలుగు పుస్తకముల నచ్చొత్తించెను. కాని సిద్ధాంతము అచ్చుపుటలలో నుండుట వేరు, అక్షరము రాని జనసమూహము దానిని తన సొత్తుగా చేసికొనుట వేరు.

ఈ రెండవ విషయమును శ్రద్ధతో విచారించినవారిలో జె. వాస్కమ్ పికెట్ ప్రముఖుడు. భారతదేశపు సామూహిక మతాంతరీకరణములను గూర్చి 1933లో ప్రకటించిన గ్రంథమున ఆయన, క్రైస్తవులైనవారిని ఏల మారితిరని యడిగించి, వారి యుత్తరములను ఆధ్యాత్మికము, లౌకికము, సాంఘికము, జన్మప్రాప్తము అని నాలుగు తెగలుగా విభజించెను. ఆయన ఈ పేదజనులకు ప్రతిపక్షి కాడు. లౌకికాపేక్షతో వచ్చినవారును సరియైన బోధ లభించినచో మంచి క్రైస్తవులగుదురని వారిపక్షముననే వాదించినవాడు. అయినను నా వివాద మాయనతోనే. అన్నముకొరకు మతము పుచ్చుకొనిరని నిందించువాడును, పుచ్చుకొన్నను తుదకు మేలే జరిగినదని సమర్థించువాడును ఒకే కొలమానము నంగీకరించుచున్నారు. కృప నిజముగా దానమేయైనచో, పుచ్చుకొనువాని యుద్దేశశుద్ధి దానికి వెల కానేరదు. ఉద్దేశమును పరీక్షించి యోగ్యతను నిర్ణయించుట, కర్మను వీథివాకిట వెళ్లగొట్టి పెరటివాకిట మరల పిలుచుకొనుటయే. రోమా పత్రిక నాలుగవ అధ్యాయమున కూలికిని కృపకును చూపబడిన భేదము పికెట్ గారికి కంఠపాఠమై యుండునుగదా. ప్రశ్నావళిని సిద్ధపరచునపుడు అది యేల జ్ఞప్తికి రాలేదో!

ఒంగోలు సీమలో జరిగినదానిని దగ్గరనుండి చూతము. 1876లో వానలు తప్పుటతో పుట్టిన ధాత కరవున కాయకష్టము చేయగలవారికి ప్రభుత్వము చేసిన సహాయము దానము కాదు, కూలి. భారత ప్రభుత్వము పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో ఆ కూలిని దినమునకు ఒక పౌను ధాన్యమునకును స్వల్పమైన రొక్కమునకును తగ్గించెను. అంతటితో కాయకష్టము చేయువాని ప్రాణము నిలువదని మదరాసు శానిటరీ కమీషనరు డాక్టరు కార్నిష్ గట్టిగా ప్రతిఘటించెను. ఆ దినములలో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, పూర్వము స్వదేశమున సర్వే పని చేసినవాడగుటచే, బకింగ్‌హామ్ కాలువలో మూడునాలుగు మైళ్ల భాగమును గుత్తకు తీసికొని, తన ఉపదేశకులను పనిపై మేస్త్రీలుగా నిలిపెను. పురుషులు పలుగు పారలతో త్రవ్వగా స్త్రీలు తట్టలతో మట్టి మోసిరి. పని యాగిన వేళ ఆ మేస్త్రీలే వారినడుమ కూర్చుండి, మత్తయి సువార్త పదునొకండవ అధ్యాయమున అలసినవారికి క్రీస్తు చేసిన యాహ్వానమును వినిపించెడివారు. పగలు త్రవ్వినదానికి లెక్క చెప్పిన నోరే, లెక్క యక్కరలేని యీవిని గూర్చి సాయంకాలము చెప్పినది. ఇంతకుమించిన వ్యాఖ్యానము రోమా పత్రికకు తెలుగుదేశమున లేదు.

కరవు పనులు సాగినంతకాలము క్లౌ బాప్తిస్మములను నిలిపివేసెను. దీనిని ఉద్దేశపరీక్షగా చదువుట వాడుక. నాకు తోచినంతవరకు అన్నమిచ్చు చేతిని, రక్షణ నిచ్చు చేతిని వేరుచేసి చూపుటయే దీని ఫలితము. కరవు పనులు ముగిసిన పిమ్మట జనులు గుంపులుగా వచ్చి బాప్తిస్మము వేడిరి. సహాయము తమకు వలదనియు, కష్టపడి బ్రతికితిమనుటకు బొబ్బలెక్కిన తమ యరచేతులే సాక్ష్యమనియు, ఇకమీదను పంట పండక చావు వచ్చినను క్రైస్తవులుగనే చత్తుమనియు వారు పలికినట్లు క్లౌ తన స్వీయచరిత్రమున తెలిపెను. ఆ యరచేతులను వారు బాప్తిస్మమునకు మూల్యముగా చాపలేదు. అన్నపు ఖాతా తీరినదనుటకు చూపిరి. తిన్నదానికి త్రవ్విన మట్టి చెల్లినది. ఇక నడుగుచున్నదానికి చెల్లింపవలసినదేదియు లేదు. ఈ మాటలు 1914లో, క్లౌ మరణానంతరము, వెలువడిన గ్రంథమునుండి గ్రహింపబడినవని ఒప్పుకొనుచున్నాను.

1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరముననున్న వెల్లంపల్లికడ గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు దేశీయోపదేశకులు ఇద్దరిద్దరు చొప్పున నీట నిలిచి, అలసినవారు గట్టెక్కగా తక్కినవారు దిగుచు, ఆ కార్యమును నెరవేర్చిరి. క్లౌ స్వయముగా నాడొక్కరికిని బాప్తిస్మ మీయలేదు. సంవత్సరాంతమునకు బాప్తిస్మముల సంఖ్య 9,606కు చేరినది. సంఖ్యలు చూచి మురిసినవారును శంకించినవారును ఇచ్చినవారి చేతులను గూర్చి యడుగలేదు. ఊరిబయటి పల్లెవారికి దేశీయుల చేతులమీదుగనే కృప యందినదనుట పికెట్ గారి నాలుగు తెగలలో దేనిలోను ఇముడదు.

ఈ ఉద్యమమునకు ఆద్యుడైన తాళ్లకొండపాటి యెర్రగుంట్ల పేరయ్య చరిత్రయు నా వాదమునకే బలమిచ్చుచున్నది. 1866లో బాప్తిస్మము పొందకముందు ఆయన గురూపదేశమున యోగసాధన చేసినవాడని క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన గ్రంథమువలన తెలియుచున్నది. శరీరకష్టమువలెనే ఆత్మసాధనయు ఒక కూలియే యని గ్రహింపగల యోగ్యత అట్టివానికే యుండును. తెలుగు జనసామాన్యమునకు కృపానుభవము విట్టెన్‌బర్గునుండియు రాలేదు, శ్రీరంగమునుండియు రాలేదు. దినకూలి జీవితమునుండి పుట్టినది. ఈ ఉద్యమమునకు పూర్వుడైన క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి కీర్తనలు సైతము ఈ జనుల గొంతులలో నిలిచినది, వారికి కూలియన నేమో తెలిసియుండుటచేతనే.

కావున వెల్లంపల్లి చరిత్రను ఉద్దేశముల పట్టికనుండి తప్పించి, కూలి పట్టికల చెంతకు చేర్చవలసియున్నది. బాప్తిస్మ పుస్తకములను చదివినవారు కలరు. కూలి లెక్కలు వెదకుటకు చెన్నపట్టణపు ఎగ్మూరులోని పురాభిలేఖాలయమున మదరాసు ప్రభుత్వపు ప్రజాపనుల శాఖ దస్త్రములు కలవు. కరవునాటి కాలువపనులకు సంబంధించిన కాగితములను, ఒంగోలు సంఘముల పుస్తకములను ఎదురెదురుగా నుంచి చదువు పని తెలుగు పరిశోధకుడు చేపట్టవలెను.