గుండెపోటు తరువాత దాంపత్యం: ఒక వైద్య సలహా చరిత్ర

గుండెపోటు నుంచి కోలుకొని ఇంటికి వెళ్లే రోగికి దాంపత్య జీవితాన్ని ఎప్పుడు, ఏ మేరకు తిరిగి మొదలుపెట్టవచ్చో వివరించడం కూడా చికిత్సలో భాగమేనని ఈనాడు వైద్య సంఘాలు అంగీకరిస్తున్నాయి గాని, ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం పాటు ఆ ప్రశ్నకు రోగికి దక్కినది నిషేధమో మౌనమో మాత్రమే. దంపతుల కలయిక వల్ల గుండెపై పడే భారాన్ని ఎవరూ కొలవకముందే ఆ నిషేధం అమలులోకి వచ్చింది. గుండెపోటు వచ్చిన మనిషిని కదలనివ్వకూడదన్న మరో సిద్ధాంతమే దానికి మూలం.

1912లో అమెరికన్ వైద్యుడు జేమ్స్ హెరిక్, గుండె కండరానికి రక్తం అందించే కొరొనరీ ధమనిలో గడ్డ అడ్డుపడినప్పుడు కనిపించే లక్షణాలను వర్ణిస్తూ, అలాంటి రోగికి సంపూర్ణ విశ్రాంతి కావాలని సూచించాడు. 1939లో మేలరీ, వైట్, సాల్సెడో-సాల్గర్ అనే ముగ్గురు పరిశోధకులు మృతుల గుండెలను పరీక్షించి, రక్తం అందక చచ్చిపోయిన కండరం మానడానికి, దెబ్బ చిన్నదైతే సుమారు ఐదు వారాలు, పెద్దదైతే రెండు నెలలు పడుతుందని తేల్చిన తరువాత, ఆరు వారాల పడక విశ్రాంతి దాదాపు శాసనమైపోయింది. రోగి తనంతట తాను అన్నం తినకూడదు, గడ్డం గీసుకోకూడదు, మలమూత్రాలు సైతం పడకమీదే. ఇన్ని వారాల నిశ్చలత వల్ల కాళ్లలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డలు ఊపిరితిత్తులకు చేరి ప్రాణాలు తీసిన సందర్భాలూ ఉన్నాయి. చెయ్యి ఎత్తి దువ్వుకోవడమే ప్రమాదమని నమ్మిన కాలంలో, భార్యాభర్తల కలయిక గురించి అడిగే ధైర్యం రోగికి గాని, చెప్పే అవసరం వైద్యుడికి గాని లేకపోవడంలో వింత లేదు. ఇంటికి వెళ్లాక కూడా నెలల తరబడి ఎడంగా ఉండమనేవారు. ఆ గడువుకు కొలతల ఆధారమేదీ లేదు.

ఈ నిశ్చలతా సిద్ధాంతానికి మొదటి గట్టి దెబ్బ బోస్టన్‌లో తగిలింది. 1952లో సామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లోన్ అనే వైద్యులు 81 మంది రోగులను తొలి వారంలోనే పడక దించి చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, వారికి హాని జరగకపోగా మేలే జరిగిందని ప్రకటించారు. 1955 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు, హృద్రోగ నిపుణుడు పాల్ డడ్లీ వైట్ పత్రికల ముందు జబ్బు స్వభావాన్ని విడమరచి చెప్పడమే గాక అధ్యక్షుడికి విరేచనం అయిన సంగతిని కూడా దాచలేదు. మరుసటి ఏడాది ఐసెన్‌హోవర్ మళ్లీ ఎన్నికల్లో గెలవడంతో, గుండెపోటు వచ్చినవాడు తిరిగి ఉద్యోగం చేయగలడన్న నమ్మకం జనంలో కుదురుకుంది. విరేచనం గురించి దేశమంతటికీ చెప్పగలిగిన ఆ నిష్కాపట్యం దాంపత్యం దాకా మాత్రం రాలేదు.

ఆ ఖాళీని భయం నింపింది. 1963లో జపాన్ పరిశోధకుడు ఉయెనో 5,559 ఆకస్మిక మరణాలను పరిశీలించి, వాటిలో 34 సంభోగ సమయంలో సంభవించాయని రాశాడు. ఇది 0.6 శాతం మాత్రమే, పైగా ఆ మరణాల్లో ఎక్కువ భాగం వివాహేతర సంబంధాలకు చెందినవి; అయినా ఆ అధ్యయనాన్ని ఉదహరించినవారిలో అనేకులు అందులోని ధైర్యాన్ని వదిలేసి భయాన్నే తీసుకున్నారు. 1966లో మాస్టర్స్, జాన్సన్ తమ ప్రయోగశాలలో నమోదు చేసిన గుండె వేగం నిమిషానికి 180 వరకు చేరడం ఆ భయాన్ని పెంచింది. పరికరాల మధ్య, పరిశీలకుల ఎదుట ఆరోగ్యవంతులు చేసిన క్రియకూ, ఏళ్ల తరబడి కలిసి బతికిన దంపతులు తమ ఇంట్లో గడిపే రాత్రికీ పోలిక ఎంతవరకు చెల్లుతుందన్నది అప్పటికి ఎవరూ తేల్చని ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు వెతికినవాడు క్లీవ్‌లాండ్‌కు చెందిన హర్మన్ హెల్లర్‌స్టైన్. గుండెజబ్బు వచ్చినవారిని తిరిగి పనిలో పెట్టడమే ధ్యేయంగా ఆయన 1950ల నుంచే కృషి చేస్తున్నాడు. మనిషి తన పనుల్లో తానుండగానే ఈసీజీని, అంటే గుండె విద్యుత్ స్పందనల గీతను, గంటల తరబడి నమోదు చేసే పరికరం అప్పటికి చేతికి అందింది. నార్మన్ హోల్టర్ రూపొందించిన ఆ యంత్రం తొలిరోజుల్లో వీపున మోయాల్సిన సుమారు 38 కిలోల బరువు. 1960లలో అది తేలికపడి రోగితో పాటు ఇంటికి వెళ్లగలిగింది. హెల్లర్‌స్టైన్, ఆయన సహచరుడు ఫ్రీడ్‌మన్ మధ్యవయస్కులైన పురుషులకు దాన్ని అమర్చి మామూలు దినచర్య గడపమన్నారు. ఏ వేళకు ఏ పని చేశారో రాసుకున్న వివరాలతో గీతను సరిచూశారు. 1970లో ప్రచురితమైన ఫలితం ప్రకారం, భార్యతో కలిసిన సమయంలో గుండె వేగపు గరిష్ఠ స్థాయి సగటున నిమిషానికి 117. అదే మనుషులు ఉద్యోగంలో ఉండగా నమోదైన గరిష్ఠ సగటు 120. పైగా ఆ గరిష్ఠ స్థాయి క్షణాల సేపు నిలిచి, కొద్ది నిమిషాల్లోనే దిగిపోయింది. ఆఫీసుకు వెళ్లడానికి అనుమతి పొందిన మనిషికి పడకగదిని నిషేధించడంలో అర్థం లేదని ఒక్క కాగితపు గీత తేల్చింది. ఈ చరిత్ర మొత్తంలో ఇంతకంటె మానవీయమైన ప్రయోగం మరొకటి లేదు. రోగిని అతని బతుకు నుంచి వేరు చేయకుండా, అతని బతుకులోనే అతన్ని కొలిచింది. లోపమల్లా కొలిచినది పురుషులనే కావడం.

ఆ తరువాతి కొలతలు దీన్ని బలపరిచాయి. రోగి కిందనే ఉండి శ్రమంతా జీవిత భాగస్వామికి వదిలేయాలన్న సలహా చాలాకాలం చలామణీలో ఉండగా, 1976లో నెమెక్ బృందం ఆరోగ్యవంతులైన పురుషులను వారి ఇళ్లలోనే పరిశీలించి, భంగిమను బట్టి గుండె వేగంలో గాని రక్తపోటులో గాని చెప్పుకోదగ్గ తేడా లేదని చూపింది. శ్రమను మెట్ అనే ప్రమాణంతో లెక్కించే అలవాటు కూడా స్థిరపడింది. ఊరికే కూర్చున్న మనిషి వాడుకునే ప్రాణవాయువు ఒక మెట్ అయితే, కలయికకు మూడు నుంచి ఐదు మెట్ల శ్రమ, అంటే ఆగకుండా రెండు అంతస్తుల మెట్లెక్కినంత, అవసరమని లెక్క. 1996లో ముల్లర్, మిటిల్‌మన్ తదితరులు గుండెపోటు నుంచి బయటపడిన 1,774 మందిని ప్రశ్నించి, ప్రతి రోగినీ అతనితోనే పోల్చే పద్ధతిలో లెక్కగట్టారు. కలయిక తరువాత రెండు గంటల్లో ముప్పు సుమారు రెండున్నర రెట్లయినా, అసలు ముప్పే గంటకు పది లక్షల్లో ఒకటి కాబట్టి పెరిగినది అత్యల్పమనీ, మొత్తం గుండెపోట్లలో దాని వాటా 0.9 శాతమేననీ, క్రమం తప్పక వ్యాయామం చేసేవారికి ఆ కాస్త ముప్పు కూడా తగ్గిపోతుందనీ తేలింది.

1998 మార్చిలో వయాగ్రాకు అమెరికాలో అనుమతి రావడం వైద్యులను మాట్లాడక తప్పని స్థితికి తెచ్చింది. మొదట ఛాతీ నొప్పి కోసమే పరీక్షించిన ఆ మందును నైట్రేట్లతో కలిపి వాడితే రక్తపోటు ప్రాణాపాయకరంగా పడిపోతుంది. తెలుగు ఇళ్లలో గుండె రోగులు నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర కూడా నైట్రేటే కనుక, సంకోచం వల్ల అడగకుండా, చెప్పకుండా ఉండిపోవడం ఇక్కడ నేరుగా ప్రాణం మీదికి తెస్తుంది.

కొలత దొరికినంత వేగంగా మాట దొరకలేదు. 1976లో మనస్తత్వవేత్త జాక్ ఆనన్, ముందు రోగి అడగడానికి అనుమతినిచ్చి, తరువాత పరిమిత సమాచారం, ఆపైన నిర్దిష్ట సూచనలు, చివరికి అవసరమైతే ప్రత్యేక చికిత్స అనే నాలుగు మెట్ల పద్ధతిని రూపొందించాడు. నర్సులు దీన్ని ఎక్కువగా అందిపుచ్చుకున్నారు. చెప్పే తీరు ఎంత ముఖ్యమో 2003లో ప్రచురితమైన ఒక ఇటలీ అధ్యయనం చూపింది. కొత్తగా హృద్రోగం బయటపడిన 96 మంది పురుషులకు అటెనొలాల్ అనే మాత్ర ఇచ్చి, ఏ మందో తెలియనివారిలో 3.1 శాతం, మందు పేరు మాత్రమే తెలిసినవారిలో 15.6 శాతం, లైంగిక దుష్ఫలితం కలగవచ్చని కూడా విన్నవారిలో 31.2 శాతం మంది అంగస్తంభన లోపం ఉందన్నట్లు నమోదు చేశారు. సమాచారం ఇవ్వకూడదని దీని అర్థం కాదు; ధైర్యం చెప్పకుండా ఇచ్చిన సమాచారం కూడా జబ్బు చేయగలదని అర్థం.

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో, చిక్కులు లేని గుండెపోటు తరువాత మోస్తరు శ్రమకు నొప్పి, ఆయాసం రానివారు వారం దాటాక కలయిక మొదలుపెట్టవచ్చని, బైపాస్ శస్త్రచికిత్స అయినవారు రొమ్ము ఎముక మానేందుకు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలని ప్రకటించింది. మరుసటి ఏడాది, నర్సింగ్ పరిశోధకురాలు ఇలేన్ స్టైన్‌కీ ముఖ్య రచయితగా వెలువడిన పత్రం, రోగితో పాటు జీవిత భాగస్వామికి కూడా ఈ విషయాలు చెప్పాలని కోరింది. 2014లో అమెరికా, స్పెయిన్‌లలోని 55 ఏళ్లలోపు గుండెపోటు రోగులపై వెలువడిన అధ్యయనంలో, మొదటి నెలలో ఈ విషయం వైద్యుడితో మాట్లాడినవారు పురుషుల్లో 19 శాతం, స్త్రీలలో 12 శాతమే. సలహా దొరికినవారిలో మూడింట రెండు వంతుల మందికి అందినవి ఆంక్షలే: తగ్గించుకోండి, గుండె వేగం పెరగనివ్వకండి, మీరు శ్రమపడకుండా భాగస్వామికి వదిలేయండి. ఈ చివరి సలహాకు ఆధారం లేదని నెమెక్ బృందం చూపి అప్పటికి ముప్పై ఎనిమిదేళ్లు.