సెటిల్‌మెంట్, కాలనీ, మాస్టర్: ఇంటి మాటల వెనుక గోడలు

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో న్యూ సెటిల్‌మెంట్ ఒక చిరునామా. ఓల్డ్ సెటిల్‌మెంట్, మథురాకాటి, నింపురా లాగే అదీ ఒక పేట. బెంగాల్ నాగపూర్ రైల్వేలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలకు ఆ మాటలో అవమానమేమీ వినిపించదు. సెటిల్‌మెంట్‌లో క్వార్టర్ ఉందంటే రైల్వే ఉద్యోగం ఉన్నట్టే.

అదే మాట బాపట్ల తీరంలో మరోలా పలుకుతుంది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరిట 1910లలో వెలసిన స్టువర్టుపురం కూడా సెటిల్‌మెంటే. సాల్వేషన్ ఆర్మీ నడిపిన ఆ ఊళ్లో, నేర జాతుల చట్టం కింద నమోదైన ఎరుకలను ఉంచారు. అక్కడ సెటిల్‌మెంట్ అంటే హాజరు పట్టీ, అనుమతి లేనిదే గడప దాటలేని నిర్బంధం. మద్రాసు రాష్ట్రం 1947లో ఆ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా అది 1952 ఆగస్టు 31న పోయింది. నేర జాతులు విముక్త జాతులయ్యాయి. అయితే మద్రాసు 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం తెచ్చుకుంది. ఊరి పేరుకు అంటిన మరక మాత్రం సినిమా టైటిళ్లలో దశాబ్దాల పాటు టిక్కెట్లు తెగేందుకు పనికొచ్చింది.

నివాసాలకు పెట్టిన నొప్పించే పేర్లను మార్చాలా అన్న చర్చను ఈ రెండు సెటిల్‌మెంట్ల మధ్య నిలబడి చూడాలి. మాట ఒకటే. ఆ మాట కింద ఎవరిని, ఏ షరతుల మీద ఉంచారన్నదే తేడా.

రైల్వే పట్టణంలోనూ షరతులు లేకపోలేదు. ఇల్లు హోదాకు కొలమానం. పై అధికారికి బంగళా, దాని వెనుక పనివారికి ఔట్‌హౌస్, కింది ఉద్యోగికి వరుస ఇళ్లలో ఒకటి. వలస పాలన కాలపు నిబంధనలు ఆ కింది ఉద్యోగాన్ని ‘ఇన్‌ఫీరియర్ సర్వీస్’ అన్నాయి. తెలుగులో చెప్పాలంటే హీన సేవ. స్వాతంత్ర్యం ముంగిట ఏర్పడిన మొదటి వేతన సంఘం సిఫార్సుతో ఆ మాట పోయి నాలుగో తరగతి వచ్చింది. 1970లలో తరగతి పోయి గ్రూప్-డి వచ్చింది. ఆరో వేతన సంఘం తర్వాత గ్రూప్-డి కూడా రద్దయింది. నిరుద్యోగులు మాత్రం ఇప్పటికీ ‘రైల్వే గ్రూప్-డి’ పరీక్షకే చదువుతున్నామంటారు. 2016 రైల్వే బడ్జెట్‌లో సురేశ్ ప్రభు కూలీని సహాయక్ అన్నారు. నెత్తిన పెట్టెల బరువు తగ్గలేదు.

అయినా ఆ తొలి మార్పును తేలిగ్గా కొట్టిపారేయలేం. 1927 నాటి ఖరగ్‌పూర్ సమ్మెల కాలంలో, వి.వి.గిరి వంటివారు నడిపిన కార్మిక సంఘం ఉద్యోగాల కోత మీద పోరాడింది, పేర్ల మీద కాదు. కానీ ఒక మనిషి సర్వీసు పుస్తకంలో ‘హీన’ అన్న ముద్ర ఉండటం, ఉండకపోవడం ఒకటి కాదు. పేరు మారితే బతుకు మారదన్నది నిజమే. తమ పేరు మీద ఆ ముద్ర లేనివారే ఆ వాదనను ఎక్కువగా వినిపిస్తుంటారన్నదీ నిజమే.

ఇటీవలి నిర్ణయాలను ఈ వెలుగులోనే చూడాలి. 2020 డిసెంబరులో మహారాష్ట్ర మంత్రివర్గం వాడలకున్న కుల నామాలను మార్చాలని తీర్మానించింది. 2024 జూన్‌లో కేరళ మంత్రి కె.రాధాకృష్ణన్, పదవి వీడే ముందు, దళిత, ఆదివాసీ నివాసాల పేర్ల నుంచి ‘కాలనీ’ని తొలగించే ఉత్తర్వుపై సంతకం చేశారు. కొత్త పేరును స్థానికులే సూచించవచ్చన్నది అందులో మెచ్చదగిన అంశం. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ కూడా ప్రభుత్వ రికార్డుల నుంచి ఆ మాటను తీసేస్తామని శాసనసభలో ప్రకటించారు.

తెలుగు పాఠకుడికి ఇది వింతగా తోచవచ్చు. హైదరాబాద్‌లో కాలనీ అంటే సంక్షేమ సంఘం, పార్కు, గేటు. పల్లెలో కాలనీ అంటే ఊరి చివర ప్రభుత్వం కట్టించిన ఇళ్లు. మాలపల్లి, మాదిగగూడెం హరిజనవాడలయ్యాయి. కుల ధ్రువపత్రాల్లో ‘హరిజన’ రాయవద్దని 1982లో కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. ఆ తర్వాత ఎస్సీ కాలనీ, అంబేద్కర్ నగర్ వచ్చాయి. వీటిలో చివరి పేరు ఒక్కటే అక్కడివారు కోరి పెట్టుకున్నది. మిగిలినవి ఎవరో పెట్టినవి, దయతో పెట్టినా సరే.

ఇళ్ల వ్యాపారంలో ఈ చర్చ అమెరికాలో ముదిరింది. ‘మాస్టర్ బెడ్‌రూమ్’ ప్రకటనలో ఉంటే వివక్ష కాదని 1995లోనే అక్కడి గృహనిర్మాణ శాఖ స్పష్టం చేసింది. 2020 జూన్‌లో, జార్జ్ ఫ్లాయిడ్ హత్యానంతర ఆందోళనల నడుమ, హ్యూస్టన్ రియల్టర్ల సంఘం ‘మాస్టర్’ను ‘ప్రైమరీ’గా మార్చుకుంది. నల్లజాతివారికి అన్ని ఇళ్లూ చూపించకపోవడమే అసలు సమస్య అని గాయకుడు జాన్ లెజెండ్ ఎత్తిచూపారు. ఆ విమర్శకు అక్కడ చట్టం ఆసరా ఉంది. ఇల్లు అమ్మడంలో, అద్దెకివ్వడంలో జాతి, మత వివక్షను 1968 చట్టం నిషేధించింది.

ఇక్కడ ఆ ఆసరా లేదు. 2016 రియల్ ఎస్టేట్ చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో గోడల మందంతో సహా నిర్వచించింది. కులం చూసి అమ్మకం నిరాకరించకూడదన్న మాట అందులో లేదు. ఒక హౌసింగ్ సొసైటీ సభ్యత్వాన్ని తమ మతస్థులకే పరిమితం చేసుకోవచ్చని 2005లో పార్సీల సహకార సంఘం కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కాబట్టి తెలుగు నగరాల్లో ‘శాకాహారులకు మాత్రమే’ అన్న టు-లెట్ బోర్డు మర్యాదగానే వేలాడుతుంది. అందులో తిట్టు లేదు, కులం పేరు లేదు, మార్చడానికి చెడ్డ మాటంటూ ఒక్కటీ లేదు. ఎవరు రాకూడదో అందరికీ తెలుసు.

బ్రోషర్లలో ‘సర్వెంట్ రూమ్’ను ‘యుటిలిటీ రూమ్’గా మార్చడానికి డిజైనరుకు ఒక నిమిషం చాలు. ఆ గదికి కిటికీ పెట్టాలంటే ప్లాన్ మార్చాలి. రైల్వేలోనూ బంగళా ప్యూన్ ‘టెలిఫోన్ అటెండెంట్ కమ్ డాక్ ఖలాసీ’గా మారి ఏళ్ల తరబడి బంగళా పనే చేశాడు. 2020 ఆగస్టులో రైల్వే బోర్డు ఆ కొత్త నియామకాలను ఆపింది. అప్పుడు మారింది పేరు కాదు, పద్ధతి.