ఊరి గాదె, ఊళ్ల పొత్తు

పలనాడు జొన్న పండు సీమ. శ్రీనాథుని పేర వాడుకలోనున్న చాటువులు ఇచ్చటి జొన్నకూటిని ఎంత ఎగతాళి చేసినను, తరతరములుగా ప్రజల ప్రాణము నిలిపినది ఆ జొన్నయే. నాగులేటి యొడ్డునగల దాచేపల్లి ప్రాంతమున పూర్వపు రైతులు జొన్నలను పాతరలలో దాచుకొనుచుండిరి. కాని పాతర ఎవరిది వారిదే. పాతర లేనివాడు నాగుకు గింజలు తెచ్చుకొని, పంట చేతికి రాగానే అసలును, పెరిగిన నాగును కొలిచియిచ్చి, మరల వట్టిచేతులతో నిలుచుచుండెను.

ఈ ఏర్పాటు ఎంత బలహీనమో 1832–33 నాటి నందన కరవు చాటిచెప్పినది. డొక్కల కరవని పేరొందిన ఆ విపత్తులో గుంటూరు జిల్లా ప్రజలలో మూడవవంతునకు పైగా నశించిరని చరిత్రకారులు వ్రాసిరి. తరువాత 1852–55 మధ్య బెజవాడ కడ కృష్ణకు ఆనకట్ట కట్టబడెను. డెల్టా పచ్చనయ్యెను గాని మెట్టయైన పలనాటికి ఆ నీరు ఎక్కలేదు. 1904 నాటి సహకార చట్టముతో పరపతి సంఘములు వెలసినవి. అవి రొక్కము నిచ్చినవేకాని గింజలను కూడబెట్టినవి కావు.

1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు విడువబడెను. వరి, పత్తి, మిరప విస్తరించినవి, జొన్నచేలు తగ్గినవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము వచ్చి బీదల ఆకలి తీర్చినది. అయినను పత్తి ఒంటికి, మిరప నాలుకకు. కడుపునకు కావలసినది అంగడినుండి రావలసినదే యయ్యెను.

ఆ 1983లోనే జహీరాబాదు ప్రాంతమున, పస్తాపూరు కేంద్రముగా, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని ఆరంభించెను. ఊరూర దళిత స్త్రీలు సంఘములుగా ఏర్పడిరి. 1990వ దశకమున వారు బీడుభూములను సాగులోనికి తెచ్చుటకు రైతులకు పెట్టుబడి నిచ్చి, ఆ బాకీని కొన్నేండ్లలో జొన్నల రూపమున ఊరి గాదెకు జమకట్టించుకొనిరి. ఎవరు మిక్కిలి బీదలో ఊరివారే కూర్చుండి తేల్చి, గింజలు కరవగు నెలలలో తక్కువ ధరకు వారికి కొలిచిరి. నాగునాడు గింజ చేరినది ఒకరి పాతరకు. ఇచ్చట చేరినది ఊరి గాదెకు. భేదమంతయు ఇదియే.

ఒక్క ఊరి గాదెను ఒక్క అనావృష్టి ఖాళీచేయగలదు. అందుచేత ఆ సంఘములు ఊరికి ఊరిని జోడించుకొన్నవి. ఏటేట సంక్రాంతి దినములలో ఆరంభమగు పాత పంటల జాతరలో జొన్న, కొఱ్ఱ, సామ, కంది విత్తనములు ఎడ్లబండ్లపై ఊరూర తిరుగును. ఈ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమానము లభించెను. 2013 నాటి ఆహారభద్రతా చట్టమున బియ్యము గోధుమల సరసన చిరుధాన్యములకును చోటు దొరకెను. 2023 చిరుధాన్యముల సంవత్సరముగా ప్రపంచమంతట జరుపబడెను.

ఇట్టి పొత్తున చేరుటకు గొప్ప ధనము అక్కరలేదు. పత్తిచేని గట్టున నాలుగు సాళ్లు జొన్న, ఇంట దాచిన దోసెడు విత్తనము, గింజలలో వ్రాయు ఒక లెక్కపుస్తకము చాలును. అయితే ఆ పుస్తకము నలుగురి యెదుట చదువబడవలెను. పొరుగూరివాడు దానిని చూచి నమ్మవలెను. నందననాడు పలనాటిలో పాతరలు లేకపోలేదు. ఒకరి పాతర మరియొకరికి తెరువబడు కట్టుబాటే లేకపోయినది.